ఇంజను నుంచి ట్రాక్టరును తొలగించిన విధానం

ఒక వస్తువును పనికిరాకుండా చేయాలంటే మన దగ్గర రెండు మార్గాలున్నాయి. ఎండకూ వానకూ వదిలేసి తుప్పు పట్టనివ్వడం ఒకటి. దాని ముందు నీలం బోర్డు పాతి ‘ఇది మన వారసత్వ సంపద’ అని రాయించడం రెండోది. మొదటిదానికి ఒక తరం పడుతుంది. రెండోది మధ్యాహ్నం భోజనాల వేళకు అయిపోతుంది. మా యార్డులోని చైను ట్రాక్టరుకు ఈ రెండూ జరిగాయి. రెండింటిలోనూ నా చెయ్యి ఉందని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.

నా పేరు శేషావతారం. నీటిపారుదల శాఖ, ఏటిగట్టు మెకానికల్ సబ్‌డివిజన్‌లో అసిస్టెంటు ఇంజనీరును. మెకానికల్ పట్టా ఉంది గాని చేతికి గ్రీజు అంటి చాలాకాలమైంది. నా ప్రతిభ అంతా నోటు రాయడంలో ఉంది. ‘పై విషయమై’ అని మొదలుపెట్టానంటే ‘తమ ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది’ అనే దాకా కలం ఆగదు. మధ్యలో ఏమి రాశానో నాకూ గుర్తుండదు, చదివినవారికీ గుర్తుండదు. మా శాఖలో దీన్ని పరిపాలనా దక్షత అంటారు.

ఇక ట్రాక్టరు సంగతి. కాలవ తవ్విన రోజుల్లో ఓడ మీద వచ్చిన యంత్రం అది. చక్రాలకు బదులు వెడల్పాటి ఇనప చైన్లు, ముందు మట్టి తోసే పలక. మనిషి మోకాలి దాకా దిగబడే ఊబిలో కూడా అది రోడ్డు మీద పెళ్లివారిలా నడిచిపోతుంది. దాన్ని నిద్రలేపే పద్ధతి మాత్రం వేరు. పెద్ద డీజిలు ఇంజను తాడుకీ లేవదు, బ్యాటరీకీ లేవదు. అందుకని దాని పక్కనే ఒక చిన్న పెట్రోలు ఇంజను బిగించి ఉంటుంది. ముందు చిన్నదాన్ని తాడుతో లాగి లేపాలి. తర్వాత ఒక లివరు లాగితే చిన్నదాని పళ్లచక్రం పెద్దదాని పళ్లచక్రాన్ని కరుచుకుని గిరగిరా తిప్పుతుంది. పెద్దది లేచాక చిన్నది పక్కకు తప్పుకుని నోరు మూసుకోవాలి. మా శాఖలో నాకూ, నా పై అధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ గారికీ ఉన్న సంబంధం ఇలాంటిదేనని మెకానిక్ జిలానీ అంటుండేవాడు.

ఆ ఏడు పైనుంచి మా శాఖకు వారసత్వ జ్వరం పట్టింది. ప్రతి సబ్‌డివిజనూ తన పరిధిలోని ఒక వారసత్వ వస్తువును గుర్తించి పంపాలని ఉత్తర్వు. పక్క సబ్‌డివిజను వాళ్లు రోడ్డు రోలరు పంపారు. ఆ పక్కవాళ్లు, పూర్వం ఒక చీఫ్ ఇంజనీరు గారు నిద్రపోయిన పడకకుర్చీ పంపారు. నేను ఊరుకుంటానా? చైను ట్రాక్టరు మీద ఒక నోటు రాశాను. చదివినవారికి ట్రాక్టరు కళ్లముందు కదిలిందో లేదో గాని, నాకే కళ్లు చెమర్చాయి. ఆ ఊపులో, ఇటువంటి యంత్రాల్లోని ఏ భాగాన్నీ ఎవరూ కదిలించకుండా నిబంధన ఉంటే బాగుంటుందని కూడా సలహా పారేశాను. వారసత్వ పరిరక్షణ సంఘం వారు ఆ సలహాను అక్షరం పొల్లుపోకుండా మార్గదర్శకాల్లో చేర్చుకున్నారు. ‘వారసత్వ యంత్రములోని ఏ మూలభాగమును దాని స్థానము నుండి తొలగించరాదు.’ నా వాక్యం అచ్చులో చూసుకుని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను.

నీలం బోర్డు ఆవిష్కరణ రోజున ఫొటోలు తీస్తున్నప్పుడు, చిన్న ఇంజను పొగగొట్టం మీద బోర్లించి ఉన్న ఒక నూనె డబ్బా నా కంటపడింది. వాననీళ్లు గొట్టంలోకి దిగకుండా జిలానీ పెట్టుకున్న డబ్బా అది. ఓడ మీద వచ్చిన యంత్రానికి వేరుశనగ నూనె డబ్బా ఏమిటి? మూలభాగం కాదని చెప్పి నేనే తీసి అవతల పారేశాను. జిలానీ వద్దన్నాడు. వానాకాలం సార్, అన్నాడు. వినడం నా విధుల్లో లేదు. తర్వాత అతిథులకు యంత్రం పనితీరు వివరిస్తూ, చిన్నది పెద్దదాన్ని ఎలా కరుచుకుంటుందో చూడండని లివరు లాగాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో టీ వచ్చింది. లివరును వెనక్కి తోయడం మరిచిపోయి టీకి వెళ్లాను.

ఆ వారంలోనే వాన పడింది. గొట్టంలోంచి నీళ్లు దిగి చిన్న ఇంజను లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బిగుసుకుపోయింది సరే, దాని పళ్లు పెద్దదాన్ని కరుచుకునే ఉన్నాయి. కుక్క కరిచి వదలనట్టు, అదీ తిరగదు, పెద్దదాన్నీ తిరగనివ్వదు. పెద్ద ఇంజనుకు ఏ రోగమూ లేదు. పక్కనున్న చిన్నది వదిలితే చాలు.

జిలానీ చూసి రెండు ముక్కల్లో తేల్చేశాడు. “పొద్దున మొదలుపెడితే అన్నం వేళకి చిన్నదాన్ని ఊడదీస్తా సార్. ఆ బొక్కకి రేకు మూత బిగించి, ఇంకో ట్రాక్టరుకి మోకు కట్టి, గేర్లో పెట్టి లాగితే పెద్దది దానంతటదే లేచిద్ది.”

ఇందులో కొత్తేమీ లేదు. ఆ మాట నాకూ తెలుసు, ఈఈ గారికీ తెలుసు, గేటు దగ్గర పల్లీలు అమ్మేవాడికీ తెలుసు. కాని ‘ఊడదీయడం’ అనే మాట వినగానే నా వాక్యం నాకు గుర్తొచ్చింది. తొలగించరాదు. నా వాక్యానికి నేనే అడ్డం పడితే ఇంక దాన్ని గౌరవించేదెవరు?

సరిగ్గా అప్పుడే తుమ్మలదిబ్బ నుంచి కోటిరత్నం గారు వచ్చారు.

తుమ్మలదిబ్బ మా కాలవకు చిట్టచివరి ఊరు. కోటిరత్నం గారు అక్కడి నీటి సంఘానికి అధ్యక్షురాలు. వయసు మా అమ్మంత ఉంటుంది. ఎండలో గొడుగు వేసుకుని, గొడుగు ముడిచి గుమ్మానికి తగిలించి, కుర్చీ చూపించకముందే కూర్చునే మనిషి. వచ్చిన పని చెప్పినప్పుడు ఆమె గొంతు పెంచలేదు, దణ్ణాలు పెట్టలేదు.

“బాబూ, నారు పోసుకున్నాం. కాలవకి నీళ్లు వదిలారు. మా ఊరి కాడికొచ్చేసరికి పూడిక అడ్డంపడి నీళ్లన్నీ మురుక్కాలవలోకి పోతన్నయ్యి. ఆ చైన్ల బండి పంపావంటే పూడిక తోసేసిద్ది. లేదంటే నారు మాడిపోయిద్ది. మళ్లీ పోసుకోటానికి అదునుండదు.”

వేరే యంత్రం పెట్టుకోకూడదా అని అడిగాను. అంతకుముందు పెట్టారట. అద్దెకు తెచ్చిన ప్రొక్లెయిను ఊబిలో దిగబడిపోతే, దాన్ని బయటికి లాగింది మా చైను ట్రాక్టరేనట. ఆ నేల మీద నిలబడేది అదొక్కటే. నేను నీలం బోర్డు చూపించి, అమ్మా, ఇప్పుడది ట్రాక్టరు కాదు, వారసత్వం అని వివరించాను. ఆమె బోర్డు వంకా నా వంకా చూసి, గొడుగు తీసుకుని తిన్నగా కలెక్టరాఫీసుకు వెళ్లింది.

సోమవారం అర్జీల రోజున ఆమె ఇచ్చిన కాగితం మీద కలెక్టరు గారు ఎర్ర సిరాతో రాసి పంపారు. ‘ట్రాక్టరును వెంటనే కాలవ పనికి పంపి నివేదించవలెను.’ ఈ కాగితం నా బల్ల మీద మార్గదర్శకాల పక్కన చేరింది. ఒకటి కదిలించవద్దంటుంది, రెండోది పంపమంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండూ నా తలకే చుట్టుకున్నాయి.

ఈఈ త్రివిక్రమరావు గారు నన్ను పిలిపించారు. ఆయన మంచివారే. ఏ కాగితం మీదా ఆయన సంతకం తేలిగ్గా దొరకదు గాని, దొరికినప్పుడు చాలా అందంగా ఉంటుంది. జిలానీ చెప్పిన మార్గం నేను నసుగుతూ చెప్పాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“శేషావతారం, నాకు సమస్య అక్కర్లేదు. పరిష్కారం అసలే అక్కర్లేదు. ఇద్దరికీ పంపడానికి ఒక సమాధానం కావాలి.”

ఇంటికి వెళ్లి పెరట్లో కూర్చున్నాను. మా ఆవిడ బావి దగ్గర గచ్చు కడుగుతోంది. కాలికి అడ్డంగా ఉంది, కడవ పక్కకు జరపవే అంటే, కడవ బరువు, మీరే కాలు తీసి పక్కకు పెట్టుకోండి అంది. కాలు తీసి పక్కకు పెట్టుకున్నాను. కడవ ఉన్నచోటే ఉంది. దారి వచ్చింది. నా ఒళ్లు జలదరించింది.

ఆ నోటు నా ఉద్యోగ జీవితానికే తలమానికం. ‘చిన్న ఇంజనును ట్రాక్టరు నుండి తొలగించుట నిషిద్ధము. అయితే ట్రాక్టరును చిన్న ఇంజను నుండి తొలగించుట గూర్చి మార్గదర్శకములు మౌనము వహించినవి. మౌనము అర్ధాంగీకారము. మిగిలిన అర్ధమును తమరు దయచేయ ప్రార్థన.’

ఈఈ గారు అది చదివి లేచి నిలబడ్డారు. కరచాలనం చేశారు. సంతకం అక్కడికక్కడే పెట్టారు. నా తండ్రి కూడా నన్ను అంత ప్రేమగా ఎన్నడూ చూసి ఎరగడు.

వారసత్వ పరిరక్షణ సంఘం కార్యదర్శి డాక్టర్ నిగమేశ్వర్ గారు పర్యవేక్షణకు వచ్చారు. ఖద్దరు లాల్చీ, వెనక పిలక, మెడలో కళ్లద్దాల గొలుసు. యార్డులోకి రాగానే ట్రాక్టరు చుట్టూ ప్రదక్షిణం చేసి, చిన్న ఇంజను మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. ఆ చేతికి మసి అంటింది. దాన్నీ ఆయన భక్తిగానే చూసుకున్నారు.

“మనం ఇక్కడ ఒక ఇంజను గురించి మాట్లాడడం లేదు. ఒక స్థానం గురించి మాట్లాడుతున్నాం. వస్తువు నశిస్తుంది. స్థానం శాశ్వతం.”

అందువల్ల ఆయన షరతు ఒకటే. చిన్న ఇంజను ఇప్పుడు నేలకు ఎంత ఎత్తున, ఏ దిక్కుకు, ఎలా ఉందో అలాగే ఉండాలి. వెంట్రుకవాసి కదిలినా అనుమతి రద్దు. సర్వేయరు లెవెల్ యంత్రం తెచ్చి దానికి గురిపెట్టి కూర్చున్నాడు. మూడు ఇనప గొట్టాలు నిలబెట్టి, చైన్ పుల్లీ వేలాడదీసి, చిన్న ఇంజనును ఎత్తకుండా, దించకుండా పట్టి ఉంచాం.

మొదటి చిక్కు బోల్టుల దగ్గర వచ్చింది. బోల్టు చిన్న ఇంజనులోంచి దూరి కింద ట్రాక్టరు ఒంట్లో నట్టుతో బిగుసుకుంది. బోల్టు విప్పితే ఇంజను భాగాన్ని తొలగించినట్టు. మరి నట్టు? డాక్టరు గారు చాలాసేపు ఆలోచించి, తల పైన ఉంది కాబట్టి బోల్టు ఇంజనుది, కాళ్ల దగ్గర ఉంది కాబట్టి నట్టు ట్రాక్టరుది అని తీర్పు ఇచ్చారు. అంచేత జిలానీ బోల్టు తలను కదలకుండా పట్టించి, తను వెల్లకిలా ట్రాక్టరు కింద దూరి, డీజిలులో నానబెట్టిన నట్లు ఒక్కొక్కటే తిప్పాడు. కింద నుంచి అతను అంటున్న మాటలు ఉర్దూలో ఉండడం వల్ల మినిట్సులో చేర్చలేదు.

నట్లు ఊడాయి. ఇక చిన్నదాన్ని బెత్తెడు పైకి లేపితే పళ్లు విడిపోతాయి. కాని లేపరాదు. అయితే ట్రాక్టరు కిందికి దిగాలి. ట్రాక్టరు కిందికి దిగాలంటే దాని కింద భూమి దిగాలి. భూమిని దించడం మా శాఖకు వెన్నతో పెట్టిన విద్య. కూలీలను పిలిపించి చైన్ల కింద మట్టి తీయించడం మొదలుపెట్టాను.

బెత్తెడు దిగగానే పళ్లు విడిపోయాయి. అక్కడితో ఆగవచ్చు. కాని ట్రాక్టరును అవతలికి లాగాలంటే, దాని సీటూ నూనె ట్యాంకూ వేలాడుతున్న చిన్న ఇంజనుకు తగులుతాయి. సీటు విప్పేస్తే పోతుంది కదా సార్ అన్నాడు జిలానీ. సీటు మూలభాగం. విప్పరాదు. అందుకని సీటు కూడా ఇంజను కిందుగా దూరిపోయేంత లోతు తవ్వాల్సి వచ్చింది. అంత లోతుకు గోడలు విరిగిపడతాయి గనుక వెడల్పూ పెంచాం. ట్రాక్టరు ఎక్కి రావడానికి వాలుదారి తవ్వాం. తవ్విన మట్టి పోయడానికి చోటు లేక ఆఫీసు గోడవారగా పోస్తే కిటికీలు మూసుకుపోయాయి. పట్టపగలు లైట్లు వేసుకుని నోట్లు రాసుకున్నాను. కూలీలు చాలక పక్క సబ్‌డివిజను నుంచి కూడా తెప్పించాం. యార్డులో జాతర జరుగుతున్నట్టుండేది. నా మనసు ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. ఉద్యోగంలో చేరాక ఒక పని ఇంత శ్రద్ధగా చేయించడం అదే మొదటిసారి.

అంత హడావుడిలో కోటిరత్నం గారు వచ్చారు. గొయ్యి అంచున నిలబడి లోపలికి తొంగిచూశారు. కింద ట్రాక్టరు, దాని మీద గాలిలో వేలాడుతున్న చిన్న ఇంజను, చుట్టూ తట్టలతో జనం, ఒక పక్క కొండలా మట్టి. పైటకొంగుతో నుదురు తుడుచుకున్నారు.

“మా కాలవలో ఉన్న పూడిక ఇందులో సగం లేదు గదా నాయనా.”

నేను ఏదో చెప్పబోయాను. కాలవ మట్టి వేరు, యార్డు మట్టి వేరు, పద్దులు వేరు అని. సిగ్గేసింది. సిగ్గు అనేది మా సర్వీసు నిబంధనల్లో లేదు గనుక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక, నారు ఎలా ఉందమ్మా అని అడిగాను. కొసలు ఎర్రబారాయని చెప్పింది. బిందెలతో నీళ్లు మోసి చల్లుతున్నారట. ఆ పూటనుంచి నేను గొయ్యి దగ్గరే నిలబడి పని తొందరపెట్టాను. తొందరపెట్టడం తప్ప ఆపడం మాత్రం తోచలేదు. నోటు నడుస్తుండగా మధ్యలో ఆపే పద్ధతి మాకు ఎవరూ నేర్పలేదు.

ఎట్టకేలకు మోకులు కట్టి లాగితే ట్రాక్టరు చిన్న ఇంజను కిందనుంచి జారి వాలుదారిలోకి వచ్చింది. సర్వేయరు లెవెల్ యంత్రంలోంచి చూసి, ఇంజను ఇసుమంత కూడా కదల్లేదని ప్రకటించాడు. డాక్టరు గారు కళ్లొత్తుకున్నారు. అప్పుడు ఈఈ గారికి ఒక సందేహం వచ్చింది. ఇప్పుడు వారసత్వ ట్రాక్టరు అంటే ఏది? ఇక్కడ వేలాడుతున్నదా, అక్కడ చైన్ల మీద నిలబడి ఉన్నదా?

“కదిలింది భాగం. కదలనిది మూలం” అన్నారు డాక్టరు గారు.

అందరూ తలలు ఊపారు. నేను అందరికంటే ఎక్కువ ఊపాను. ఆ ప్రకారం గాలిలో వేలాడుతున్న చిన్న ఇంజనే చైను ట్రాక్టరని, వాలుదారిలో ఉన్న ఆ కొండంత ఇనుము దాని నుంచి తొలగించబడిన భాగమని రాసి సంతకాలు చేశాం. గొయ్యి అడుగునుంచి ఇటుకల స్తంభం కట్టించి చిన్న ఇంజనును దాని మీద కూర్చోబెట్టాం. నీలం బోర్డు దాని ముందుకు మార్చాం. కలెక్టరు గారికి ‘ట్రాక్టరు విషయమై చర్య పూర్తి అయినది’ అని పంపాం.

మిగిలిన పేచీ, ఆ తొలగించబడిన భాగాన్ని ఏం చేయాలన్నది. వారసత్వ ప్రాంగణంలో విడి భాగాలు ఉంచకూడదట. ఎక్కడైనా బయట పారేయించమని ఈఈ గారు నాకు చెప్పారు. దాని మీద ఇక ఏ నిబంధనా లేదు, ఏ బోర్డూ లేదు, ఎవరి కన్నూ లేదు. ఎవరికీ అక్కర్లేనిది కావడంతో అది ఒక్కసారిగా స్వేచ్ఛ పొందింది. నేను కోటిరత్నం గారికి కబురు పంపాను.

తుమ్మలదిబ్బ రైతులు తమ ట్రాక్టర్లు తెచ్చారు. జిలానీ బొక్కకు రేకు మూత బిగించి, మోకు కట్టించి, సీటెక్కి గేర్లో పెట్టాడు. గేటు దాటి రోడ్డు మీద కాస్త దూరం లాగేసరికి పెద్ద ఇంజను దగ్గింది, నల్లగా పొగ ఊదింది, ఇంకోసారి దగ్గింది, ఆపైన గుడగుడమంటూ అందుకుంది. రైతులు కండువాలు ఎగరేశారు. అచ్చం జిలానీ మొదటిరోజు చెప్పినట్టే జరిగింది. అతను నా వంక చూడకుండా చూపు తిప్పుకున్నాడు. అదే అతని మర్యాద.

మెప్పుదల ఉత్తర్వు నాకు వచ్చింది. వారసత్వానికి భంగం రాకుండా ప్రజావసరాన్ని తీర్చినందుకు నన్ను ఆ స్మారకానికి సంరక్షకాధికారిగా నియమించారు. ఇంట్లో పాయసం వండారు. పాయసం అరగకముందే ఇంకో ఉత్తర్వు వచ్చింది. యార్డులో నడిచే యంత్రం లేదు, కిటికీలకు వెలుతురు లేదు గనుక సబ్‌డివిజను ఆఫీసును జిల్లా కేంద్రానికి మారుస్తున్నారు. నన్నూ ఆఫీసుతోపాటు మార్చమని విన్నవించుకున్నాను. జవాబులో నా వాక్యాలే నాకు తిరిగి వచ్చాయి. ‘సంరక్షకాధికారిని స్థానము నుండి తొలగించరాదు. కార్యాలయమును ఆయన నుండి తొలగించవచ్చును. మీ నోటు చూడుడు.’

లారీలు వచ్చి ఆఫీసును నా నుంచి తొలగించుకుపోయాయి. బల్ల పోయింది, బీరువాలు పోయాయి, ఫ్యాను పోయింది, చివరికి నేను కూర్చుని ఉండగానే లేవమని కుర్చీ కూడా తీసుకున్నారు. జిలానీకీ బదిలీ అయింది. నా పేరు పలక మాత్రం వదిలారు. ‘శేషావతారం, సంరక్షకాధికారి’ అని తెల్ల అక్షరాలు. అది నా మూలభాగమట. గొయ్యి అంచున రాయి మీద పలక ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. వాననీళ్లు నిండి గొయ్యిలో కప్పలు చేరాయి. నీళ్ల మధ్య స్తంభం మీద చిన్న ఇంజను, ఒడ్డున నేను. మాలో ఎవరు ఎక్కువ బిగుసుకుపోయారో చెప్పడం కష్టం.

ఒకరోజు కోటిరత్నం గారు వచ్చారు. ఈసారి కూర్చోలేదు. కూర్చోవడానికి ఏమీ లేదు కూడా.

“నీళ్లొచ్చినయ్యి బాబూ. చివరి మడిదాకా ఎక్కినయ్యి. నారు నిలబడింది. ఒకసారొచ్చి చూసిపో.”

ఇన్నేళ్ల సర్వీసులో మా కాలవలో నీళ్లు చివరి ఊరికి చేరడం కాగితం మీద ప్రతి ఏటా రాశాను గాని కంటితో చూడలేదు. వెళ్లాలని నిజంగా ఉంది. కాని నేను స్థానం వదలకూడదమ్మా, తనిఖీకి ఎప్పుడైనా వస్తారు అన్నాను. ఇక్కడ నీ పనేందని అడిగింది. ఉండడమే అన్నాను. ఆమె గొయ్యి చూసింది, స్తంభం చూసింది, నా ఒళ్లో పలక చూసింది.

“ఆ చిన్నదాన్ని ఇక్కడే ఉంచి మిగతా బండంతా మాకు పంపావుగా. నువ్వూ అట్టాగే రా.”

నేను లేచాను. నా పేరు పలకను ఇంజను స్తంభానికి ఎదురుగా, నేను కూర్చునే రాయికి ఆనించి నిలబెట్టాను. కదలనిది మూలం. కదిలింది భాగం. ఈ సిద్ధాంతం మీద నా సంతకం ఉంది. తొలగించబడిన భాగం కోటిరత్నం గారి ట్రాక్టరు తొట్టి ఎక్కి తుమ్మలదిబ్బ వెళ్లింది.

సాయంత్రపు ఎండలో చివరి మడి గట్టు మీద నిలబడి చూశాను. పచ్చటి నారు మొదళ్లలో నీళ్లు మెల్లగా పాకుతున్నాయి. అంత చిన్న చప్పుడు అది. నాకు ఏడుపొచ్చింది, సంతోషం కూడా వేసింది. అవతల కాలవలో చైను ట్రాక్టరు పూడిక తోస్తోంది. నడిపే కుర్రాడు అన్నానికి దిగితే నేను సీటెక్కాను. చేతికి గ్రీజు అంటింది.

ఇప్పుడు రోజూ అక్కడికే వెళుతున్నాను. తనిఖీ అధికారులు నెలనెలా యార్డుకు వచ్చి పలకను చూసి ‘సంరక్షకాధికారి స్థానములో ఉన్నారు’ అని రాసుకుపోతున్నారు. జీతం ఆగలేదు. వచ్చే ఏడు పలకకు ప్రమోషను కూడా రావచ్చునంటున్నారు.

సాయంత్రం పని ఆపి ఇంటికి వెళ్లేముందు, ట్రాక్టరు పొగగొట్టం మీద వేరుశనగ నూనె డబ్బా ఒకటి బోర్లించి, గాలికి ఎగరకుండా రెండుసార్లు నొక్కి చూసుకుంటాను. నిబంధనల ప్రకారం అది మూలభాగం కాదు. మేమిద్దరం కూడా కాదు.